పాత కారు ఇంజిన్‌లో ఆగని కూలెంట్ లీకు: మూలం పట్టుకుని ఆపడం ఎలా

కూలింగ్ సిస్టం అన్ని వైపులా మూసి ఉన్న వలయం. పోసిన కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) అందులోనే తిరగాలి. పదిహేను రోజులకోసారి డబ్బా పట్టుకుని బానెట్ ఎత్తాల్సి వస్తోందంటే, ఎండకు ఆవిరైపోయిందని సరిపెట్టుకోవద్దు. దానికి ఎక్కడో దారి దొరికింది.

క్లిప్పు బిగించినా, పైపు మార్చినా నెల తిరక్కుండా మళ్లీ మొదలవడానికి రెండు కారణాలుంటాయి. మొదటిది, బొట్టు ఎక్కడ పడిందో అక్కడ బాగుచేసి, ఎక్కడ పుట్టిందో చూడకుండా వదిలేయడం. రెండోది చాలామంది పట్టించుకోనిది. ఒకచోట కారుతున్నంత కాలం లోపల ప్రెషర్ పూర్తిగా నిలవదు. ఆ చోటు మూసేసరికి ప్రెషర్ అసలు స్థాయికి చేరుతుంది. అప్పటిదాకా ఎలాగో నెట్టుకొచ్చిన మరో బలహీనమైన చోటు చెమర్చడం మొదలుపెడుతుంది. అందుకే పాత బండిలో ఒక్క లీకు దొరకగానే పని అయిపోయిందనుకోకూడదు. వలయం మొత్తం ప్రెషర్ కింద పరీక్షించాకే పానా పట్టాలి.

చేతులు కాలకుండా

ఇంజిన్ పూర్తిగా చల్లారాకే రేడియేటర్ క్యాప్ తిప్పండి. రేడియేటర్ పై హోస్‌ను (పైన ఉండే రబ్బరు గొట్టాన్ని) చేత్తో నొక్కి చూడండి. అది చల్లగా, మెత్తగా ఉండాలి, గట్టిగా ఉబ్బి ఉంటే లోపల ప్రెషర్ ఇంకా ఉన్నట్టే. ప్రెషర్ కింద ఉన్న నీరు 100 డిగ్రీలు దాటినా మరగదు. క్యాప్ తీయగానే ఆ అదుపు పోయి ఒక్కసారిగా మరిగి మొహం మీదికి ఎగజిమ్ముతుంది. కొన్ని బండ్లలో ఇంజిన్ ఆపి తాళం తీసేశాక కూడా ఫ్యాను దానంతట అదే తిరుగుతుంది కాబట్టి, అటువైపు చెయ్యి పెట్టే ముందు ఫ్యాను కనెక్టర్ ఊడదీయండి.

ఎక్కువ రకాల కూలెంట్లలో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ విషం. పైగా రుచికి తియ్యగా ఉంటుంది కాబట్టి కుక్కలు నాకుతాయి, పసిపిల్లలు వేలు ముంచి నోట్లో పెట్టుకుంటారు. దించిన కూలెంట్‌ను మూత ఉన్న డబ్బాలో పట్టండి, కింద పడింది వెంటనే కడిగేయండి.

మచ్చ ఏం చెబుతోందో చూడండి

ముందు కారుతున్నది కూలెంటేనా అని తేల్చుకోండి. ఏసీ నుంచి పడేది మామూలు నీరు. రంగు, వాసన ఉండవు, ఆరితే ఏమీ మిగలదు. కూలెంట్ అలా కాదు. వేళ్ల మధ్య జారుతుంది, తియ్యటి వాసన వస్తుంది, ఆరాక తెల్లగానో, పచ్చగానో, గులాబీ రంగులోనో సున్నపు పొడిలా పేరుకుంటుంది.

మొండి లీకులు చాలావరకు నేల మీద బొట్టు పడేంతగా కారవు. వేడి లోహం మీద చెమర్చి అక్కడే ఆవిరైపోతాయి, ఆ పొడి మాత్రం మిగులుతుంది. కాబట్టి తడి కంటే ముందు పొడి కోసం వెతకండి. ఒక టార్చిలైటు, పొడుగు కాడ ఉన్న చిన్న అద్దం చాలు. థర్మోస్టాట్ (కూలెంట్ వేడెక్కాక దారి తెరిచే వాల్వ్) మూత అంచులు, వాటర్ పంప్ కింది భాగం, ప్రతి హోస్ చివర, రేడియేటర్ పక్కల ప్లాస్టిక్ ట్యాంకు లోహంతో కలిసే అంచు, ఇంజిన్ బ్లాకు పక్కన నాణెంలా గుండ్రంగా కనిపించే కోర్ ప్లగ్గులు ఒక్కొక్కటిగా చూడండి. కూలెంట్ కిందికి జారుతుంది, బండి పోతుంటే గాలికి వెనక్కి చెదురుతుంది. అందుచేత మచ్చ కనిపించిన చోటుకి పైన, ముందు వైపు వెతకాలి. తడి ఆనవాళ్లలో అన్నిటికంటే ఎత్తులో ఉన్నదే మూలం.

బండి లోపల కూడా చూడండి. ముందు అద్దం మీద తుడిచినా పోని జిడ్డు పొర, హీటర్ వేస్తే తియ్యటి వాసన, డ్యాష్‌బోర్డు కింద తడిసిన కార్పెట్ ఉంటే హీటర్ కోర్ (బండి లోపలికి వేడి గాలినిచ్చే చిన్న రేడియేటర్) కారుతున్నట్టు. బయట ఎంత వెతికినా అది దొరకదు.

చల్లటి ఇంజిన్ మీద ప్రెషర్ పరీక్ష

ఈ పని మొత్తంలో తప్పించుకోకూడని మెట్టు ఇదే. చేతి పంపు, గేజీ, మీ బండి క్యాప్‌కి సరిపడే అడాప్టర్ ఉన్న ప్రెషర్ టెస్టర్ కావాలి. అద్దెకో అరువుకో తెచ్చుకున్నా సరే, ఇది లేకుండా పాత లీకును వెతకడం చీకట్లో తడుముకోవడమే.

ముందురోజే ఇంజిన్‌ను కడిగి ఆరనివ్వండి. పాత మరకల మధ్య కొత్త తడి కనబడదు. మర్నాడు పొద్దున్నే, ఇంజిన్ స్టార్ట్ చేయకముందు, కూలెంట్ మట్టం సరిచేసి టెస్టర్ బిగించండి. క్యాప్ మీద అంకె ఉంటుంది. 0.9 అని ఉంటే 0.9 బార్, అంటే దాదాపు 13 పీఎస్ఐ. 1.1 అయితే 16 పీఎస్ఐ. కొన్నిటి మీద 88 కిలోపాస్కల్స్ అని ఉంటుంది, అదీ దాదాపు 0.9 బారే. మెల్లగా పంపు కొడుతూ సరిగ్గా ఆ అంకె దగ్గర ఆపండి. ఇంకాస్త ఎక్కువ పెడితే త్వరగా బయటపడుతుందన్న ఆశతో దాటించవద్దు. పెళుసెక్కిన ప్లాస్టిక్ ట్యాంకు అక్కడే పగులుతుంది.

పదిహేను నిమిషాలు ఆగండి. ముల్లు కదలకూడదు. దిగుతుంటే లైటు, అద్దం పట్టుకుని చుట్టూ వెతకండి, ఆ ప్రెషర్‌కి కారే చోట తడి మెరుస్తుంది. ముల్లు దిగుతున్నా బయట ఎక్కడా తడి లేకపోతే ముందు టెస్టర్ రబ్బరు సరిగా కూర్చుందో లేదో చూడండి. అదీ బాగుంటే హీటర్ కోర్‌ను, హెడ్ గాస్కెట్‌ను (ఇంజిన్ బ్లాకుకీ, దాని పైన కూర్చునే హెడ్‌కీ మధ్య ఉండే సీలు) అనుమానించాలి.

చల్లటి ఇంజిన్ మీదే ఎందుకంటే, వేడికి లోహం, రబ్బరు వ్యాకోచించి చిన్న సందులు మూసుకుపోతాయి. చల్లారాక అవే మళ్లీ తెరుచుకుంటాయి. రాత్రంతా ఆపిన బండి కింద పొద్దున నాలుగు బొట్లు కనిపించి, రోజంతా తిరిగినా ఒక్క బొట్టూ పడకపోవడం ఇందువల్లే. దీనికి పూర్తిగా వ్యతిరేకంగా, వేడి మీదే విచ్చుకునే పగుళ్లూ ఉంటాయి. అందుకని చల్లటి పరీక్ష నెగ్గినా సరే, ఇంజిన్‌ను ఫ్యాను తిరిగేదాకా నడిపి, ఆపి, ఆ వెంటనే ఇంకోసారి లైటు వేసి చూడండి. దొరకనప్పుడు కూలెంట్‌లో కలిపే యూవీ డై పోసి, రెండు రోజులు తిప్పి, రాత్రి పూట యూవీ లైటుతో చూస్తే కారిన దారి మొత్తం మెరుస్తుంది.

క్యాప్‌ను కూడా అడాప్టర్‌తో విడిగా పరీక్షించండి. తన మీద ఉన్న అంకె దాకా నిలవకుండా ముందే వదిలేస్తుంటే, వేడెక్కినప్పుడల్లా కూలెంట్ ఓవర్‌ఫ్లో గొట్టం గుండా పోతూనే ఉంటుంది. సగానికి సగం కలిపిన కూలెంట్ మామూలు గాలి ఒత్తిడిలో 107 డిగ్రీల దగ్గర మరుగుతుంది. 1 బార్ క్యాప్ కింద అదే దాదాపు 129 దాకా ఆగుతుంది. ఆ తేడా అంతా క్యాప్ లోపలి చిన్న స్ప్రింగు, రబ్బరు వాషరు చలవే. రబ్బరు గట్టిపడినా, బీటలు వారినా అదే అంకె ఉన్న కొత్తది వేయండి. చల్లారాక పై హోస్ లోపలికి కుంగిపోతుంటే క్యాప్ మధ్యలోని వాక్యూమ్ వాల్వ్ తెరుచుకోవడం లేదని గుర్తు.

లోపలికి పోతోందా?

క్యాప్ తీసిన చల్లటి ఇంజిన్‌కి టెస్టర్ బిగించి, పంపు కొట్టకుండా, ఇంజిన్ స్టార్ట్ చేసి గేజీ చూడండి. కూలెంట్ ఇంకా వేడెక్కనే లేదు, అయినా మొదటి నిమిషంలోనే ముల్లు గబగబా ఎక్కుతోందంటే సిలిండర్‌లోని మంట వాయువు కూలెంట్‌లోకి వస్తోంది. క్యాప్ అంకె దాటకముందే ఇంజిన్ ఆపేయండి. నిర్ధారణకు బ్లాక్ టెస్టర్ (మంట వాయువు తగిలితే రంగు మారే ద్రవం ఉన్న పరికరం) వాడండి. రేడియేటర్ మూతి మీద పెట్టి పీల్చిన గాలి దానిలోని నీలం ద్రవాన్ని పసుపుగా మారిస్తే హెడ్ గాస్కెట్ పోయినట్టో, హెడ్ పగిలినట్టో. ఈ పరీక్షకు ముందు కూలెంట్ మట్టం ఐదారు సెంటీమీటర్లు దించాలి, ద్రవంలోకి కూలెంట్ ఎక్కితే ఫలితం చెడిపోతుంది.

స్పార్క్ ప్లగ్గులు తీసి వరుసగా పెట్టి చూడండి. మిగతావన్నీ మసిబారి, ఒక్కటి మాత్రం ఆవిరితో కడిగినట్టు శుభ్రంగా ఉంటే ఆ సిలిండర్‌లోకే కూలెంట్ పోతోంది. ఆయిల్ పోసే మూత కింద మీగడలాంటి నురగ కనబడితే కంగారు పడవద్దు, తక్కువ దూరాలే తిరిగే బండిలో తేమ వల్ల కూడా అలా అవుతుంది. కానీ డిప్‌స్టిక్ మీద ఆయిల్ పాలు కలిపిన టీలా ఉంటే ఇక ఆ ఇంజిన్‌ను నడపవద్దు, బేరింగులు అరిగిపోతాయి. హెడ్ దించాల్సి వస్తే కొత్త గాస్కెట్ వేసి ఊరుకోకండి, హెడ్ వంపు కొలిపించండి. చాలా చిన్న ఇంజిన్లకు మాన్యువల్ ఇచ్చే హద్దు 0.05 మి.మీ. అంతకు మించి వంగిన హెడ్ కొత్త గాస్కెట్‌నూ తినేస్తుంది.

హోస్‌లు, వాటి మూతులు

కొత్త హోస్ వేసినా అదే చోట కారుతుంటే తప్పు హోస్‌ది కాదు, అది ఎక్కిన లోహపు మూతిది. పాత కూలెంట్ అల్యూమినియాన్ని కొరికి సన్నని గుంటలు చేస్తుంది. వాటి మీద తెల్లటి చిలుము గట్టిగా పట్టి ఉంటుంది, రబ్బరు దాని మీద ఎంత బిగించినా అతుక్కోదు.

పాత హోస్‌ను మెలిపెట్టి లాగవద్దు. ప్లాస్టిక్ మూతి అయితే విరుగుతుంది, హీటర్ కోర్ గొట్టమైతే మొదలంటా కదిలి అక్కడ కొత్త లీకు పుడుతుంది. హోస్ ఎలాగూ పారేసేదే కాబట్టి బ్లేడుతో పొడుగునా చీల్చి అరటిపండు తొక్కలా ఒలిచేయండి, బ్లేడు లోహానికి తగలనివ్వకుండా. తరవాత 400 నంబరు ఉప్పుకాగితంతో మూతిని గుండ్రంగా, చుట్టు తిప్పుతూ రుద్దండి. పొడుగునా రుద్దితే పడే గీతలు ఒక్కోటీ కూలెంట్ బయటికి రావడానికి కాలవలా పనిచేస్తాయి. రుద్దాక గోటితో తడమండి. గోరు దిగబడేంత గుంట మూతి చుట్టు అంచు దాకా పోయి ఉంటే ఆ భాగం మార్చడమే మేలు.

హోస్ లోపల ఒక చుక్క కూలెంట్ రాసి ఎక్కించండి, గ్రీజు, ఆయిల్ వద్దు, ఆ రబ్బరు వాటికి ఉబ్బిపోతుంది. మూతి చివర ఉబ్బెత్తు గీత దాటి హోస్ లోపలికి పోవాలి. క్లిప్పు ఆ గీతకు రెండు మూడు మిల్లీమీటర్లు లోపలి వైపు కూర్చోవాలి, గీత మీద కాదు. స్ప్రింగు క్లిప్పులతో వచ్చిన బండికి అవే వేయండి. రబ్బరు వేడికి ఉబ్బినా చలికి తగ్గినా అవి వెంట ఉండి పట్టుకుంటాయి. స్క్రూ క్లిప్పు వేస్తే రబ్బరు క్లిప్పు సందుల్లోంచి పొంగుకొచ్చేదాకా బిగించకండి, లోపల తెగుతుంది.

దాగి ఉండే చిన్న బైపాస్ హోస్, ఫైర్‌వాల్ (ఇంజిన్‌కీ, కూర్చునే చోటుకీ మధ్య ఉండే రేకు) దగ్గర హీటర్ హోస్‌ల మధ్య ప్లాస్టిక్ టీ జాయింటు ఎక్కువమంది మరిచిపోయేవి. గోధుమ రంగుకు తిరిగిన ప్లాస్టిక్‌ను చూడగానే మార్చేయండి, వేలితో నొక్కితే పెళుసుగా విరిగిపోతుంది.

థర్మోస్టాట్ మూత

ఇక్కడ కారితే మామూలుగా చేసేది సీలెంట్ ట్యూబు పిండి అంటించడం. అదే మళ్లీ మళ్లీ కారడానికి కారణం. మూత తీసి, రంధ్రంలో గుడ్డ కుక్కి, రెండు తలాల మీద పాత గాస్కెట్ అంతా ప్లాస్టిక్ లేదా ఇత్తడి గీకుడుతో తీయండి. ఉక్కు బ్లేడు వాడితే మెత్తని అల్యూమినియం మీద గాట్లు పడతాయి. చదునైన గాజు పలక మీద 180 నంబరు ఉప్పుకాగితం పరిచి మూతను ఎనిమిది ఆకారంలో నాలుగైదు సార్లు తిప్పి చూడండి. మెరుపు అంతటా సమానంగా వస్తే సరే. బోల్టు రంధ్రాల దగ్గర మాత్రమే మెరిస్తే మూత వంగింది, మెరుపు అంతటా వచ్చేదాకా రుద్దండి లేదా కొత్తది వేయండి.

కాగితం గాస్కెట్ అయితే రెండు వైపులా సీలెంట్ పల్చటి పొర చాలు. రబ్బరు ఓ-రింగ్ అయితే సీలెంట్ అసలు రాయకూడదు, రింగు జారిపోతుంది. దానికి కూలెంట్ తడి మాత్రం ఇవ్వండి. థర్మోస్టాట్ అంచున ఉన్న చిన్న గాలి పిన్ను పైకి, గడియారంలో 12 ఉన్న వైపు రావాలి. ఎం6 బోల్టులకు 8 నుంచి 10 న్యూటన్ మీటర్లు, ఎదురెదురు బోల్టులను కొంచెం కొంచెంగా బిగించండి. సీలెంట్ రాసి ఉంటే ట్యూబు మీద రాసినంతసేపు, చాలావాటికి 24 గంటలు, ఆగాకే కూలెంట్ పోయాలి.

వాటర్ పంప్

పంప్ కింద చిన్న రంధ్రం ఉంటుంది. లోపలి సీలు అరిగిందని చెప్పడానికే దాన్ని పెట్టారు. అక్కడ చార కట్టినా, బొట్టు వేలాడినా పంప్ మార్చాలి. ఆ రంధ్రాన్ని ఎంసీల్‌తో మూసేస్తే కూలెంట్ బేరింగులోకి పోయి పంప్ పట్టేస్తుంది. టైమింగ్ బెల్టుతో తిరిగే పంప్ అయితే బెల్టునూ అప్పుడే మార్చండి. కూలెంట్ తడిసిన బెల్టును మళ్లీ నమ్మకూడదు.

పంప్ బోల్టులు ఒకే పొడుగు ఉండవు. అట్టముక్క మీద పంప్ బొమ్మ గీసి, ఏ బోల్టు ఆ చోట గుచ్చి పెట్టుకోండి. కొన్ని ఇంజిన్లలో ఒకటో రెండో బోల్టులు బ్లాకు లోపల కూలెంట్ దాకా దిగుతాయి. వాటి మరలకు సీలెంట్ రాయకపోతే కూలెంట్ మర వెంట పాకి బోల్టు తల కింద నుంచి ఊరుతుంది. కొత్త పంప్ వేశాక కూడా అక్కడే తడి కనిపించి, పంప్ నాసిరకమని తిట్టుకునే సందర్భాల్లో ముందు చూడాల్సింది ఇదే. తీసిన బోల్టు మరలో పాత సీలెంట్ ముక్కలు కనిపిస్తే అది అలాంటి బోల్టే.

మిగతా చోట్లు

రేడియేటర్ ప్లాస్టిక్ ట్యాంకు అంచున కారితే ఎపాక్సీ నిలవదు, వేడికి ప్లాస్టిక్, లోహం వేరువేరుగా సాగుతాయి. రేడియేటర్ మార్చండి. మార్చేటప్పుడు కింది రబ్బరు దిండ్లు కూడా కొత్తవి వేయండి, అవి నలిగిపోతే అదురుకు కొత్త ట్యాంకూ పగులుతుంది.

కోర్ ప్లగ్గులు ఏళ్ల తరబడి ఒట్టి నీళ్లు పోసిన బండ్లలో లోపలి నుంచి తుప్పు తింటాయి. ఒక అంచున పంచ్ పెట్టి కొడితే ప్లగ్గు అడ్డంగా తిరుగుతుంది, ప్లయర్‌తో లాగేయండి. లోపలికి పడిపోనివ్వకండి. కూర్చునే అంచును శుభ్రంగా రుద్ది, పల్చగా సీలెంట్ రాసి, ప్లగ్గు లోపలి వ్యాసానికి కాస్త తక్కువ ఉన్న సాకెట్ పెట్టి నిటారుగా కొట్టండి. ఒకటి పోయిందంటే మిగతావీ అదే వయసులో ఉన్నాయి, చెయ్యి అందినవన్నీ ఒకేసారి మార్చండి.

లీకు ఆపుతుందని పోసే పొడులు, ద్రవాల జోలికి పోవద్దు. అవి లీకును, హీటర్ కోర్ సన్నని గొట్టాలను వేరు చేసి గుర్తించలేవు. రెండిటినీ మూస్తాయి.

కడగడం, నింపడం, గాలి తీయడం

డ్రెయిన్ ప్లగ్ తీసి పాతది దించండి. మామూలు నీళ్లు పోసి, హీటర్ పూర్తి వేడి మీద పెట్టి, థర్మోస్టాట్ తెరుచుకునేదాకా నడిపి, చల్లార్చి దించండి. దిగే నీరు తేటగా వచ్చేదాకా ఇలాగే, చివరిసారి డిస్టిల్డ్ వాటర్‌తో.

ఇక్కడ లెక్క తప్పుతుంది. దించినా బ్లాకులో, హీటర్‌లో లీటరు పైనే నీరు మిగిలిపోతుంది. ఇప్పుడు సగం కలిపి అమ్మే కూలెంట్ పోస్తే అది మరింత పల్చబడుతుంది. అందుకని గాఢమైన కూలెంట్ కొనండి. మాన్యువల్‌లో మొత్తం 6 లీటర్లు అని ఉంటే ముందు 3 లీటర్లు గాఢ కూలెంట్ పోసి, మిగిలిన చోటును డిస్టిల్డ్ వాటర్‌తో నింపండి. లోపల ఉండిపోయిన నీటితో కలిసి సగానికి సగం అవుతుంది. రంగు చూసి కొనవద్దు, రంగుకు ప్రమాణమేమీ లేదు. మాన్యువల్ చెప్పిన రకమే తీసుకోండి, వేరు రకాలు కలిపితే తుప్పు నిరోధకాలు దెబ్బతింటాయి.

బండి ముందు వైపు కొంచెం ఎత్తుగా పెట్టి, హీటర్ పూర్తి వేడికి తిప్పి, గాలి తీసే స్క్రూ ఉంటే వదులు చేసి, గరాటుతో మెల్లగా పోయండి. స్క్రూ దగ్గర బుడగలు లేకుండా ధార వస్తే బిగించండి. చల్లటి ఇంజిన్‌ను క్యాప్ లేకుండానే, గరాటు అలాగే ఉంచి స్టార్ట్ చేయండి. బుడగలు ఆగి, పై హోస్ వేడెక్కి, లోపల హీటర్ గాలి వేడిగా వచ్చి, ఫ్యాను రెండుసార్లు తిరిగి ఆగేదాకా నడవనివ్వండి. ఈలోగా టెంపరేచర్ ముల్లు మీద ఓ కన్ను వేసి ఉంచండి, సెన్సర్ చుట్టూ గాలి చిక్కితే ముల్లు తక్కువే చూపిస్తూ ఇంజిన్ కాగిపోవచ్చు. హీటర్ గాలి చల్లబడితే లోపల గాలి ఉన్నట్టే. ఇంజిన్ ఆపి, పూర్తిగా చల్లారాక మట్టం సరిచేసి క్యాప్ పెట్టండి.

తరవాతి రోజుల్లో

రిజర్వాయర్ (అదనపు కూలెంట్ ఉండే డబ్బా) మీద చల్లటి మట్టం దగ్గర మార్కర్‌తో గీత పెట్టి తేదీ రాయండి. మొదటి రెండు మూడు రోజులు మిగిలిన గాలి బయటికొచ్చి మట్టం కాస్త దిగుతుంది. అది లీకు కాదు, ఒకసారి నింపండి. తర్వాత 50 కిలోమీటర్లకు స్క్రూ క్లిప్పులు చల్లటి మీద ఒకసారి తడిమి వదులైనవి అర మలుపు బిగించండి. 500 కిలోమీటర్ల దగ్గర, రాత్రంతా ఆగిన ఇంజిన్ మీద, పొద్దున్నే టెస్టర్ మళ్లీ బిగించి పదిహేను నిమిషాలు చూడండి. ముల్లు దిగితే బాగుచేసిన చోటును మళ్లీ విప్పకండి. ముందు దాని పక్కన, పైన ఉన్న తర్వాతి బలహీనమైన చోటు కోసం లైటు వేయండి.